దస్త్రం ఎవరి దగ్గరుంది? కిసింజర్ ఎనిమిదేళ్ల పెత్తనం

1971 జూలై 9, ఇంకా తెల్లవారలేదు. రావల్పిండి పక్కనున్న చక్‌లాలా ఎయిర్‌పోర్టులో పాకిస్తాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 707 ఒకటి ఎక్కాడు అమెరికా ప్రెసిడెంట్ నిక్సన్ జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్. గాల్లోకి లేచాక గుర్తొచ్చింది, మార్చుకోవడానికి చొక్కాలు తెచ్చుకోలేదని. వెంట ఉన్న అధికారి జాన్ హోల్డ్రిజ్ దగ్గర అరువు అడిగాడు. హోల్డ్రిజ్ ఆరడుగులు దాటిన మనిషి, కిసింజర్ పొట్టిగా బొద్దుగా ఉంటాడు. అంటే రెండు రోజులు వదులు చొక్కాలతో నెట్టుకు రావాలి. అది చాలదన్నట్టు ఆ చొక్కాల లేబుల్ మీద 'మేడిన్ తైవాన్' అని ఉంది. విమానం వెళ్తున్నది బీజింగ్‌కి! తైవాన్‌ని దేశంగా గుర్తించొద్దు, అది మాదే అని ఇరవై రెండేళ్లుగా పట్టుబట్టి కూర్చున్న ప్రభుత్వంతో రాజీ మాట్లాడటానికి. ఈ సంగతి తర్వాత కిసింజరే నవ్వుతూ రాసుకున్నాడు.

ఆ రోజు పొద్దున్నే రావల్పిండి నుంచి నాథియా గలీ అనే కొండ ఊరికి ఒక కార్ల వరుస బయల్దేరింది. అమెరికా నుంచి వచ్చిన అతిథికి కడుపు నొప్పి, చల్లటి చోట విశ్రాంతి తీసుకుంటున్నారు అని విలేకరులకు చెప్పారు. వాళ్లు నమ్మారు. విలేకరుల సంగతి వదిలేద్దాం. అమెరికా విదేశాంగ మంత్రి విలియం రోజర్స్‌కి కూడా ఈ బీజింగ్ ప్రయాణం గురించి దాదాపు చివరి నిమిషం వరకు తెలియదు. తన దేశం ప్రపంచంలోకెల్లా పెద్ద శత్రుదేశాల్లో ఒకదానితో చేతులు కలపబోతోందని విదేశాంగ మంత్రికి చెప్పకుండా, ప్రెసిడెంట్ దగ్గర జీతానికి పనిచేసే ఒక సలహాదారు వెళ్లి మాట్లాడొచ్చాడు.

2023 నవంబర్ 29న నూరేళ్ల వయసులో కిసింజర్ చనిపోయినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా రెండు రోజులు గొడవ నడిచింది. కొందరు మేధావి అన్నారు. 71లో మన మీదికి యుద్ధనౌకలు పంపించినవాడికి నివాళేంటని ఇంకొందరు మండిపడ్డారు. మంచివాడా చెడ్డవాడా అన్న పంచాయితీ ఎప్పటికీ తెగదు. నాకు ఆసక్తి కలిగించేది వేరే విషయం. ఎన్నికల్లో ఒక్క ఓటు పడని, మొదటి నాలుగున్నరేళ్లు మంత్రి కూడా కాని మనిషి చేతికి అంత అధికారం ఏ దారిన వచ్చింది?

ముందు పేర్ల చిక్కు ఒకటి విప్పుకోవాలి. అమెరికాలో 'సెక్రటరీ' అంటే మంత్రి. 'సెక్రటరీ ఆఫ్ స్టేట్' అంటే విదేశాంగ మంత్రి. ప్రెసిడెంట్ పేరు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఒప్పుకోవాలి, తర్వాత కమిటీలు పిలిచినప్పుడల్లా వెళ్లి ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. జాతీయ భద్రతా సలహాదారుకి ఇవేవీ లేవు. ప్రెసిడెంట్ రమ్మంటే వస్తాడు, పొమ్మంటే పోతాడు. మామూలుగా సెనేట్ ముందు నిలబడి సాక్ష్యం చెప్పే పని కూడా ఉండదు. 1947లో నేషనల్ సెక్యూరిటీ కౌన్సిల్‌ని పుట్టించిన చట్టంలో అసలు ఈ పదవే కనపడదు. 1953లో ఐసెన్‌హోవర్ తన సౌకర్యం కోసం రాబర్ట్ కట్లర్ అనే ఆయన్ని ప్రత్యేక సహాయకుడిగా పెట్టుకున్నాడు. ఆయన పని మీటింగులు ఏర్పాటు చేయడం, మంత్రిత్వ శాఖల నుంచి వచ్చిన కాగితాలు సర్దిపెట్టడం.

కాగితాలు సర్దిపెట్టడం. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మన పల్లెల్లో పెరిగిన పెద్దవాళ్లని అడిగితే తెలుస్తుంది. ఊరికి పెద్ద మునసబే. కానీ ఎవరి పొలం గట్టు ఎక్కడుంది, శిస్తు ఎవరు ఎంత కట్టాలి అన్న లెక్క కరణం దస్త్రంలో ఉండేది. మునసబుతో తగాదా పెట్టుకున్నవాడు బతికి బట్టకట్టేవాడు గానీ, కరణంతో పెట్టుకున్నవాడు సర్వే నంబర్ల మధ్య తిరిగి తిరిగి అలిసిపోయేవాడు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వ్యవస్థని ఎత్తేసిందంటే ఊరికే కాదు. వైట్‌హౌస్‌లో కిసింజర్ చేసిన పని నాకు అర్థమైనంతవరకు కరణీకమే.

మనిషి గురించి కొంచెం. 1923లో జర్మనీలోని ఫ్యూర్త్ అనే ఊళ్లో యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రి బడి పంతులు, నాజీలొచ్చాక ఉద్యోగం పోయింది. 1938లో కుటుంబం న్యూయార్క్ పారిపోయి వచ్చింది. పగలు షేవింగ్ బ్రష్షుల ఫ్యాక్టరీలో పని, రాత్రి చదువు. 1943లో సైన్యం పిలిచింది, ఆ ఏడే పౌరసత్వం వచ్చింది, మళ్లీ జర్మనీకే అమెరికన్ సైనికుడిగా వెళ్లాడు. అక్కడే ఉండిపోయిన చుట్టాల్లో చాలామంది నాజీల చేతుల్లో చనిపోయారు. యుద్ధం తర్వాత హార్వర్డ్‌లో చేరి 1954లో డాక్టరేట్ తెచ్చుకుని అక్కడే ప్రొఫెసర్ అయ్యాడు. ఆ జర్మన్ యాస మాత్రం నూరేళ్లూ వదల్లేదు. నెల్సన్ రాక్‌ఫెల్లర్ అనే రిపబ్లికన్ నాయకుడికి ఏళ్ల తరబడి సలహాదారుగా ఉన్నాడు. ఆ రాక్‌ఫెల్లర్‌ని పార్టీలో ఓడించి వచ్చినవాడే రిచర్డ్ నిక్సన్. అలాంటిది 1968 ఎన్నిక గెలిచిన కొద్ది వారాలకే నిక్సన్ న్యూయార్క్‌లోని పియర్ హోటల్‌కి కిసింజర్‌ని పిలిపించుకుని ఉద్యోగం ఇచ్చాడు. నిన్నటిదాకా అతని మీద విసుర్లు విసిరిన ప్రొఫెసర్ కాదనలేదు.

ఇద్దరికీ కుదిరింది ఎక్కడంటే, ఇద్దరికీ విదేశాంగ శాఖ అంటే పడదు. అక్కడి అధికారులు తనని చిన్నచూపు చూస్తారని నిక్సన్‌కి పాత కడుపుమంట. కిసింజర్‌కేమో ఆ శాఖ మెల్లగా నడిచే ఏనుగులా కనిపించేది. 1969 జనవరి 20న, ప్రమాణ స్వీకారం రోజే, నిక్సన్ ఒక ఉత్తర్వు జారీ అయ్యేలా చూశాడు. పైకి చూస్తే నీరసమైన ఆఫీసు కాగితం. శాఖల మధ్య వ్యవహారాలు చూసే పెద్ద కమిటీకి అంతకుముందు విదేశాంగ శాఖ మనిషి అధ్యక్షుడు. ఆ ఏర్పాటు పోయింది. ప్రెసిడెంట్ దగ్గరకు వెళ్లే ప్రతి విధాన పత్రాన్నీ ముందు చూసే కొత్త కమిటీకి అధ్యక్షుడు కిసింజర్ అయ్యాడు. తర్వాత ఆయుధ ఒప్పందాలకో కమిటీ, సంక్షోభాలకో కమిటీ, సీఐఏ రహస్య పనులకో కమిటీ. అన్నింటికీ కుర్చీలో ఆయనే. వియత్నాం, చైనా, రష్యా అన్నీ ఈ మొదటి రోజు కాగితంలోంచి పుట్టుకొచ్చినవే అంటే అతిశయోక్తి అనుకోను.

ఇది ఎలా పనిచేసేదో ఒక్క కాగితం చూస్తే చాలు. నిక్సన్‌కి మనుషులతో కూర్చుని వాదించడం ఇష్టం ఉండేది కాదు. ఒంటరిగా కూర్చుని, పసుపు రంగు లీగల్ ప్యాడ్ మీద నోట్స్ రాసుకుంటూ కాగితాలు చదివే అలవాటు. కాబట్టి వాదన గెలవాలంటే మీటింగులో గెలిస్తే చాలదు, ఆయన బల్ల మీదికి చేరే కాగితంలో గెలవాలి. 1971 ఏప్రిల్ 28న తూర్పు పాకిస్తాన్ వ్యవహారం మీద కిసింజర్ ఒక పత్రం పంపాడు. అందులో మూడు దారులు. ఒకటి, పాకిస్తాన్ సైనిక ప్రభుత్వాన్ని పూర్తిగా సమర్థించడం. రెండు, తటస్థంగా ఉండి సాయం తగ్గించడం. మూడు, యుద్ధాన్ని ముగించేలా పాకిస్తాన్ సైనిక పాలకుడు యాహ్యా ఖాన్‌కి సాయపడటం.

ఇలా రెండు చివర్లూ పెట్టి మధ్యలో ఒకటి పెడితే చదివేవాడి చెయ్యి ఎటు పోతుందో ఏ ఆఫీసు గుమాస్తాని అడిగినా చెబుతాడు. కిసింజర్ సిఫారసు కూడా మూడోదే. నిక్సన్ మూడోదాని దగ్గర సంతకం పెట్టి, కింద చేత్తో రాశాడు: ఈ సమయంలో యాహ్యా మీద ఒత్తిడి పెట్టొద్దు, అందరికీ ఇదే మాట. 'వద్దు' అన్న పదం కింద మూడు గీతలు.

ఆ మూడు గీతల కింద ఎంతమంది ఉన్నారో చూద్దాం. మార్చి 25 రాత్రి నుంచి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో మొదలుపెట్టిన మారణకాండ అప్పటికి నెల దాటింది. ఢాకాలో అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ రోజూ వాషింగ్టన్‌కి టెలిగ్రాములు కొడుతూనే ఉన్నాడు. జవాబు లేదు. ఏప్రిల్ 6న ఆయన ఆఫీసులోనూ ఇతర సంస్థల్లోనూ పనిచేస్తున్న 20 మంది అమెరికన్లు సంతకాలు పెట్టి, మన ప్రభుత్వం నైతికంగా దివాళా తీసిందంటూ తిరుగుబాటు లాంటి టెలిగ్రాం పంపారు. బ్లడ్ దాన్ని సమర్థించాడు. కొన్నాళ్లకే ఆయన్ని ఢాకా నుంచి తప్పించారు.

బ్లడ్‌కి తెలియని సంగతి ఒకటుంది. చైనాతో మాట్లాడటానికి నిక్సన్ ఎంచుకున్న రాయబారి యాహ్యా ఖానే. బీజింగ్ ఉత్తరాలు ఇస్లామాబాద్ మీదుగా వైట్‌హౌస్‌కి వస్తున్నాయి. ఈ విషయం తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. తమ ప్రభుత్వం ఎందుకు నోరు మెదపడం లేదో ఢాకాలో ఉన్న అధికారికి తెలియదు, ఢిల్లీలో ఉన్న రాయబారి కెనెత్ కీటింగ్‌కి తెలియదు, విదేశాంగ శాఖకీ తెలియదు. అందరూ తమ మాట చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టవుతోందని తల పట్టుకున్నారు. రహస్యం శత్రువు దగ్గర దాచడం వేరు, సొంత ఆఫీసు దగ్గర దాచడం వేరు. రెండోదానికి మూల్యం కట్టింది బెంగాలీలు. కోటి మంది శరణార్థులు సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు.

ఇక్కడ కిసింజర్ వైపు వాదన కూడా చెప్పాలి. చైనా తలుపు తెరవకపోతే సోవియట్ యూనియన్‌ని కాళ్ల బేరానికి తేలేం, అణుయుద్ధ ప్రమాదం తగ్గదు, ఆ లెక్క ముందు మిగతావన్నీ చిన్నవే అనేది ఆయన మాట. మొదటి భాగం ఒప్పుకోవచ్చు. కానీ జూలైలో బీజింగ్ వెళ్లొచ్చేశాక తలుపు తెరుచుకుంది కదా? ఇక యాహ్యా అవసరం ఏముంది? అయినా డిసెంబర్ దాకా అదే మొగ్గు కొనసాగింది. ఎందుకో, వైట్‌హౌస్‌లో నిక్సన్ రికార్డు చేయించిన టేపులు విన్నవాళ్లకి కొంత అర్థమవుతుంది. ఇందిరా గాంధీ గురించి, మొత్తం భారతీయుల గురించి ఆ ఇద్దరూ ఓవల్ ఆఫీసులో వాడిన భాష ఇక్కడ రాయదగ్గది కాదు. 2005లో అవి బయటికొచ్చాక కిసింజర్ విచారం వ్యక్తం చేశాడు. పెద్ద పెద్ద వ్యూహాల వెనకాల చిన్న చిన్న చిరాకులు ఎంత పని చేస్తాయో ఆ టేపులు చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేదు.

బీజింగ్ వెళ్లే ముందు కిసింజర్ ఆగింది ఢిల్లీలోనే. జూలై మొదటివారంలో ఇందిరా గాంధీని, ఆమె ముఖ్య సలహాదారు పి.ఎన్. హక్సర్‌ని కలిశాడు. హక్సర్ కూడా ఎన్నిక కాని మనిషే, ఫైళ్ల మనిషే. ఒక కరణం ఇంకో కరణాన్ని కలిసినట్టే. తేడా ఏమిటంటే రెండు రోజుల తర్వాత తాను ఎక్కడ ఉండబోతున్నాడో కిసింజర్ హక్సర్‌కి చెప్పలేదు. జూలై 15న నిక్సన్ టీవీలో ప్రకటించాక ఢిల్లీ లెక్క వేసుకుంది: అమెరికా, చైనా, పాకిస్తాన్ ఒక గట్టున చేరాయి. అప్పటిదాకా నానుతున్న సోవియట్ ఒప్పందం మీద ఆగస్టు 9న సంతకాలయ్యాయి. ఇండియా రష్యా ఒళ్లో కూర్చుందని తర్వాత ఏళ్ల తరబడి వాషింగ్టన్ సణిగింది గానీ, ఆ తోపు తోసింది ఎవరో మరి.

డిసెంబర్ 3న యుద్ధం మొదలైంది. ఆ రోజు సంక్షోభ కమిటీ మీటింగులో, ఇండియా మీద మనం గట్టిగా లేమని ప్రెసిడెంట్ తనని అరగంటకోసారి తిడుతున్నాడని, పాకిస్తాన్ వైపు మొగ్గమంటున్నాడని కిసింజర్ అధికారులతో అన్నాడు. ఆ మినిట్స్ కొద్ది రోజులకే జాక్ ఆండర్సన్ అనే కాలమిస్టు చేతికి చిక్కాయి. 'టిల్ట్' (మొగ్గు) అన్న మాట అప్పటి నుంచే మన పత్రికలకు అలవాటైంది. ఆండర్సన్‌కి మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. పైకి తటస్థం అని చెబుతూ లోపల జరిగినవి ఇంకా ఉన్నాయి. చట్టం ఒప్పుకోదని సొంత అధికారులే చెప్పినా, జోర్డాన్ దగ్గరున్న అమెరికన్ యుద్ధ విమానాలు పాకిస్తాన్ చేరేలా కబురు పెట్టారు. డిసెంబర్ 10న న్యూయార్క్‌లో చైనా ప్రతినిధి హువాంగ్ హువాని రహస్యంగా కలిసి, ఇండియా సరిహద్దులో మీరు కదిలితే మీకు అడ్డొచ్చేవాళ్లని మేం చూసుకుంటామన్న అర్థం వచ్చేలా కిసింజర్ మాట్లాడాడు. చైనా కదల్లేదు. చివరికి విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చింది. అది వచ్చేసరికి ఢాకాలో కథ ముగింపుకొచ్చేసింది. డిసెంబర్ 16న పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది.

విశాఖపట్నం ఆర్‌కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూడని తెలుగువాడు అరుదు. లోపల వంగి వంగి నడుస్తూ, ఆ ఇరుకు పడకలు చూసి అయ్యబాబోయ్ అనుకునే ఉంటారు. అది సోవియట్ యూనియన్ కట్టిచ్చింది. అదే తీరానికి కాస్త దూరంలో, సముద్రం అడుగున ఇంకో సబ్‌మెరైన్ ఉంది, పాకిస్తాన్‌ది, పేరు ఘాజీ. మన విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చి డిసెంబర్ 3 అర్ధరాత్రి ప్రాంతంలో మునిగిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మన నేవీ అంటుంది, లోపలే ఏదో పేలిందని పాకిస్తాన్ అంటుంది. దాని అసలు పేరు డయాబ్లో. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో తయారై, 1960ల్లో పాకిస్తాన్‌కి అద్దెకు వెళ్లింది. ఒడ్డు మీద రష్యా సబ్‌మెరైన్, నీళ్ల కింద అమెరికా సబ్‌మెరైన్. 1971 అంతర్జాతీయ రాజకీయం ఇంత దగ్గర్లో ఇంకెక్కడా చూడలేం.

దస్త్రం ఒక్కచోటే ఉంచుకుంటే ఏమవుతుందో కిసింజర్‌కి ఇంట్లోంచే అనుభవమైంది. సైనికాధిపతులకు కూడా ఏమీ చెప్పేవాడు కాదు కదా, వాళ్లు వేరే దారి పట్టారు. సమాచారం అటూ ఇటూ చేరవేసే పని మీద వైట్‌హౌస్‌లో ఉన్న ఒక నేవీ గుమాస్తా, కిసింజర్ బ్రీఫ్‌కేసులోంచి, చెత్తబుట్టలోంచి కాగితాలు తీసి కాపీలు పెంటగన్‌కి అందించాడు. బీజింగ్ వెళ్లిన ఆ జూలై ప్రయాణంలో కూడా అతను వెంట ఉన్నాడు. ఆండర్సన్‌కి మినిట్స్ ఎవరిచ్చారని కూపీ లాగుతుంటే ఈ బాగోతం బయటపడింది. ఆ గుమాస్తా అంతకుముందు పనిచేసింది ఢిల్లీలోని అమెరికన్ ఎంబసీలో. ఆండర్సన్‌కి తాను ఇవ్వలేదని అతను చివరిదాకా అన్నాడు. సొంత ప్రభుత్వంలోనే సైన్యం వైట్‌హౌస్ మీద నిఘా పెట్టడం! నిక్సన్ ఆ గొడవని బయటికి రాకుండా తొక్కిపెట్టాడు.

సొంతవాళ్ల మీద నిఘా పెట్టే పనికి కిసింజర్ కూడా కొత్తవాడు కాదు. 1969 మార్చిలో కంబోడియా మీద బి-52 బాంబర్లతో రహస్య దాడులు మొదలయ్యాయి. పార్లమెంటుకి, ప్రజలకి తెలియకుండా ఉండాలని వైమానిక దళంలో రెండు రకాల లెక్కలు రాశారు. అసలు లెక్క ఒకటి, దక్షిణ వియత్నాంలో బాంబులు వేసినట్టు చూపించే దొంగ లెక్క ఒకటి. మే నెలలో ఒక పత్రిక ఆ వార్త వేసింది. లీక్ చేసిందెవరో తేల్చాలని 17 మంది ఫోన్లకు వైర్లు పెట్టారు. అందులో కిసింజర్ సొంత సిబ్బంది కూడా ఉన్నారు, నలుగురు విలేకరులూ ఉన్నారు. కంబోడియాలో 14 నెలలు నడిచిన ఆ మొదటి దశలోనే లక్ష టన్నులు దాటి బాంబులు పడ్డాయి. కంబోడియా ఆ తర్వాత ఏమైందో అందరికీ తెలిసిందే.

వాషింగ్టన్‌లో సోవియట్ రాయబారి డోబ్రినిన్‌తో కూడా ఇదే పద్ధతి. అతను వైట్‌హౌస్‌కి పక్క దారిన వచ్చి మ్యాప్ రూమ్‌లో కిసింజర్‌తో కూర్చునేవాడు. అణ్వాయుధాలకు పరిమితి పెట్టడం మీద అమెరికా తరఫున అధికారికంగా చర్చల్లో కూర్చున్న జెరార్డ్ స్మిత్‌కి, తన వెనకాల ఇంకో చర్చ నడుస్తోందని 1971 మే దాకా తెలియదు. పాపం, ఎదురుగా కూర్చున్న రష్యన్లకు మాత్రం ఆ సంగతి తెలుసు. అయినా 1972 మే 26న మాస్కోలో ఒప్పందం కుదిరింది, అది చిన్న విషయం కాదు. మామూలు దారిలో వెళ్లి ఉంటే ఇంకా ఎన్నేళ్లు పట్టేదో. కిసింజర్‌ని తిట్టేవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

వియత్నాం శాంతి ఒప్పందం 1973 జనవరిలో పారిస్‌లో అయింది. ఆ ఏడాది నోబెల్ శాంతి బహుమతి ఆయనకీ, ఎదుటి పక్షం, అంటే ఉత్తర వియత్నాం తరఫున చర్చలు నడిపిన లె డక్ థోకీ కలిపి ఇచ్చారు. మా దేశంలో శాంతి ఇంకా రాలేదని థో తీసుకోలేదు. కమిటీ సభ్యులు ఇద్దరు రాజీనామా చేశారు. 1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయాక బహుమతి వెనక్కి తీసుకోమని కిసింజరే అడిగితే, వాళ్లు తీసుకోలేదు.

1973 సెప్టెంబర్‌లో రోజర్స్ వెళ్లిపోయాక కిసింజర్ విదేశాంగ మంత్రి అయ్యాడు. సలహాదారు పదవి మాత్రం వదల్లేదు! చరిత్రలో అంతకుముందు ఎవరూ అలా రెండు కుర్చీల్లో కూర్చోలేదు. విదేశాంగ మంత్రిగా ఆయన పంపిన ప్రతిపాదనని సలహాదారుగా ఆయనే పరిశీలించి ప్రెసిడెంట్‌కి పంపాలి. మునసబూ కరణం ఒక్కడే అయితే ఊళ్లో ఇంక అడిగేదెవరు? ఆ అక్టోబర్‌లో అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం. వాటర్‌గేట్ కుంభకోణం ఊబిలో నిక్సన్ మెడదాకా కూరుకుపోయి ఉన్నాడు. 24వ తేదీ రాత్రి, సోవియట్ సైన్యం పశ్చిమాసియాలో దిగుతుందేమోనన్న టెన్షన్‌లో, అమెరికా అణు బలగాలతో సహా సైన్యం మొత్తాన్ని అప్రమత్తం చేశారు. ఆ నిర్ణయం తీసుకున్న మీటింగుని నడిపింది కిసింజర్. ప్రెసిడెంట్ పైన నిద్రపోతున్నాడు. ప్రపంచం అణుయుద్ధం అంచుకి జరిగిన ఆ రాత్రి, ఆ గదిలో ఉన్నవాళ్లలో ఒక్కరినీ ఆ పదవికి ఓటర్లు ఎన్నుకోలేదు.

ఆ తర్వాతి నెలల్లో ఆయన చేసిన పని మాత్రం నిజంగా అబ్బురం. ఈజిప్టుకీ ఇజ్రాయెల్‌కీ మధ్య, సిరియాకీ ఇజ్రాయెల్‌కీ మధ్య విమానంలో మగ్గంలో నాడె ఆడినట్టు అటూ ఇటూ తిరిగాడు. సిరియా ఒప్పందానికే 1974లో ఏకబిగిన నెల రోజులకు పైగా పట్టింది. పొద్దున డమాస్కస్, సాయంత్రం జెరూసలేం. సిరియా ప్రెసిడెంట్ హఫీజ్ అల్ అసద్‌తో గంటల కొద్దీ బేరాలు, ఒక కొండ ఈ పక్కనా ఆ పక్కనా అని. అన్ని తాళాలూ ఒక్కడి దగ్గరే ఉండటం వల్ల ఏమైనా మేలు జరిగిందంటే అది ఇక్కడే జరిగింది.

1975 నవంబర్‌లో, నిక్సన్ తర్వాత ప్రెసిడెంట్ అయిన ఫోర్డ్ ఆయన దగ్గర్నుంచి సలహాదారు కుర్చీ తీసేసుకుని బ్రెంట్ స్కోక్రాఫ్ట్‌కి ఇచ్చాడు. తర్వాతి ప్రెసిడెంట్లంతా ఈ రెండు కుర్చీల తగువు తీర్చలేక తంటాలు పడ్డవాళ్లే. కార్టర్ దగ్గర సలహాదారు బ్రెజిన్‌స్కీతో వేగలేక, చివరికి ఇరాన్‌లో చిక్కుకున్న అమెరికన్ బందీలను విడిపించే సైనిక చర్యకి ఒప్పుకోలేక, విదేశాంగ మంత్రి వాన్స్ 1980లో రాజీనామా చేశాడు. రీగన్ హయాంలో సలహాదారు ఆఫీసే ఇరాన్‌కి ఆయుధాలమ్మి, ఆ డబ్బు నికరాగువా తిరుగుబాటుదారులకి చేరవేసి రచ్చయింది. మనదేశంలో ఈ పదవి వచ్చింది 1998లో, పోఖ్రాన్ పరీక్షల తర్వాత. మొదటివాడు బ్రజేశ్ మిశ్రా, ఆయన అప్పటికే ప్రధాని ప్రిన్సిపల్ సెక్రటరీ కూడా. 2025 మేలో ట్రంప్, విదేశాంగ మంత్రి మార్కో రూబియోకే తాత్కాలికంగా సలహాదారు బాధ్యత కూడా అప్పగించినప్పుడు అందరికీ ఒకే పేరు గుర్తొచ్చింది.

1977 జనవరిలో దిగిపోయాక కిసింజర్ మళ్లీ మంత్రి గానీ వైట్‌హౌస్ సలహాదారు గానీ కాలేదు. దస్త్రం అలవాటు మాత్రం పోలేదు. పదవిలో ఉన్నప్పుడు తన ఫోన్ మాటలన్నీ సెక్రటరీల చేత టైపు చేయించి పెట్టుకున్నాడు. అవి ప్రభుత్వ రికార్డులు కావు, నా సొంత కాగితాలని పట్టుకెళ్లాడు. పాతికేళ్ల పోట్లాట తర్వాత గానీ అవి జనం చేతికి రాలేదు. ఆయన మీద ఇప్పుడు రాసే విమర్శల్లో సగం ఆయన టైపు చేయించిన ఆ కాగితాల్లోంచి వచ్చినవే. 1982లో న్యూయార్క్‌లో సొంత కన్సల్టింగ్ కంపెనీ పెట్టాడు. పెద్ద పెద్ద కంపెనీలకు ఏ దేశంలో ఎవరిని కలవాలో చెప్పే వ్యాపారం. 2002లో బుష్ సెప్టెంబర్ 11 దాడుల మీద విచారణ కమిషన్‌కి ఆయన్ని అధ్యక్షుడిగా వేస్తే, మీ ఖాతాదారులెవరో చెప్పండి అన్న ప్రశ్న వచ్చింది. ఆ జాబితా బయటపెట్టే బదులు రెండు మూడు వారాల్లోనే పదవి వదులుకున్నాడు.

2023 జూలైలో, చనిపోవడానికి నాలుగు నెలల ముందు, నూరేళ్లు నిండిన కిసింజర్ మళ్లీ బీజింగ్ వెళ్లాడు. 1971లో అప్పటి చైనా ప్రధాని జౌ ఎన్‌లైతో కూర్చున్న ద్యావుయుతై అతిథిగృహంలోనే షీ జిన్‌పింగ్ ఆయనకి మర్యాద చేశాడు. చైనా రక్షణ మంత్రి లి షాంగ్‌ఫు కూడా కలిశాడు. ఆ లి షాంగ్‌ఫుతో మాట్లాడాలని అమెరికా రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ అంతకుముందు అడిగితే చైనా కుదరదంది. ఒక మామూలు పౌరుడికి దొరికిన మీటింగు అమెరికా ప్రభుత్వానికి దొరకకపోవడం దురదృష్టమని వైట్‌హౌస్ ప్రతినిధి విలేకరుల ముందు ఒప్పుకున్నాడు.